జీపీఎస్ పాఠాన్ని ‘తేడా’ దగ్గర మొదలుపెడదాం

డిగ్రీలో జాగ్రఫీ తీసుకున్న పిల్లల్ని జీపీఎస్ అంటే ఏమిటని అడిగితే చాలామంది గడగడా అప్పజెప్తారు. అంతరిక్ష విభాగం, నియంత్రణ విభాగం, వినియోగదారుల విభాగం. 24 ఉపగ్రహాలు, 6 కక్ష్యా తలాలు, 20,200 కిలోమీటర్ల ఎత్తు. చెప్పినవన్నీ సరైనవే. అదే పిల్లల చేతికి ఫోనిచ్చి కాలేజీ గేటు దగ్గర ఒక పాయింటు తీసుకోమనండి. మధ్యాహ్నం మళ్లీ అక్కడే నిలబడి మరొకటి తీసుకోమనండి. రెండు అంకెలూ కలవవు. “ఏది కరెక్టు సార్?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు వాళ్లంతట వాళ్లే జవాబు చెప్పుకోగలిగేలా చేయడమే ఈ పాఠం అసలు పని.

చాలా సిలబస్‌లలో జీపీఎస్ రిమోట్ సెన్సింగ్, జీఐఎస్‌ల పక్కన ఒక యూనిట్‌గా ఉంటుంది. నిర్వచనం, విభాగాలు, ఉపయోగాలు. ప్రాక్టికల్ అంటే చేతిలో పట్టే పరికరాన్ని ఒకసారి చూపించి, బటన్లు ఏవి ఎందుకో చెప్పి, నాలుగు పాయింట్లు రాయించడం. దీంతో ఎంత పెద్ద అవకాశం పోతోందో చెప్పాలనే ఈ వ్యాసం. అక్షాంశ రేఖాంశాలు ఒక కొలత. ప్రతి కొలతలోనూ ఎంతో కొంత తేడా ఉంటుంది. ఉపగ్రహ స్థాన నిర్ణయంలో వచ్చే తేడాలకు కారణాలు వెతుక్కుంటూ వెళ్తే ఎగువ వాతావరణం, భూమి గురుత్వాకర్షణ, ఖండ ఫలకాల కదలిక ఎదురవుతాయి. అవి జాగ్రఫీ మాస్టారు ఎలాగూ చెప్పే పాఠాలే.

ఉపగ్రహానికి మనం కనిపించం

ముందుగా తీసేయాల్సిన అపోహ ఒకటుంది. ఉపగ్రహం పైనుంచి మనల్ని చూసి, మనం ఎక్కడున్నామో ఫోనుకు చెబుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉపగ్రహానికి మన ఫోను ఉందన్న సంగతే తెలియదు. ‘నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు నా గడియారంలో టైమ్ ఇంత’ అని అది అందరికీ వినపడేలా ప్రసారం చేస్తూ ఉంటుంది. ఫోను వింటుంది, అంతే. దీన్ని క్లాసులోనే చూపించవచ్చు. ఫోన్లను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించి, లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచి, ఆరుబయటికి తీసుకెళ్లండి. జీపీఎస్‌టెస్ట్ లాంటి ఉచిత యాప్‌లో ఉపగ్రహాలు ఒక్కొక్కటే కనిపించడం మొదలవుతుంది. సిమ్ లేదు, నెట్ లేదు, అయినా స్థానం వస్తుంది. మ్యాపు బొమ్మకు నెట్ కావాలి కానీ స్థానానికి అక్కర్లేదని అప్పుడు అర్థమవుతుంది. కాస్త ఆలస్యంగా ఎందుకొచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున, చాలా నెమ్మదిగా పంపుతుంది. ఆ వివరాలు 30 సెకన్లకోసారి మళ్లీ వస్తాయి. నెట్ ఉన్నప్పుడు ఫోను వాటిని ముందే అక్కడినుంచి తెచ్చుకుంటుంది కాబట్టి తొందరగా తేలుతుంది.

ఇక్కడినుంచి లెక్కంతా టైముదే. 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి సంకేతం మన దాకా రావడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. అది కాంతి వేగంతో వస్తుంది కాబట్టి, గడియారం సెకనులో పదిలక్షో వంతు తప్పితే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. ఉపగ్రహంలో పరమాణు గడియారం ఉంది. ఫోనులో ఉన్నది మామూలు క్వార్ట్జ్. మరి అంత ఖరీదైన గడియారం లేకుండా ఫోను ఎలా నెట్టుకొస్తోంది? ‘స్థానానికి మూడు ఉపగ్రహాలు, సమయానికి నాలుగోది’ అని పుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. ఎంత చదివినా అది బుర్రకెక్కదు.

దాన్ని గ్రౌండులో తాళ్లతో చేయిస్తే ఎక్కుతుంది. మూడు మేకులు త్రికోణంగా పాతండి. వాటి మధ్యలో ఎక్కడో ఒక చోటు మీ మనసులో పెట్టుకుని, అక్కడి నుంచి మూడు మేకులకూ దూరం టేపుతో ముందే కొలిచి ఉంచుకోండి. 12, 15, 18 మీటర్లు వచ్చాయనుకుందాం. పిల్లలకు మాత్రం 14, 17, 20 అని చెప్పండి. వాళ్లు ఒక్కో మేకు నుంచి తాడు లాగి సున్నం పొడితో వంపు గీస్తారు. మూడు గీతలు ఒకచోట కలవవు. మధ్యలో చిన్న త్రికోణం లాంటి ఖాళీ మిగులుతుంది. ఎవరో తాడు సరిగా పట్టుకోలేదని వాదించుకుంటారు. కాసేపు వాదించుకోనివ్వండి. తర్వాత మూడు తాళ్లనూ సమానంగా అర మీటరు తగ్గించి గీయమనండి. ఖాళీ చిన్నదవుతుంది. ఇంకో అర మీటరు తగ్గిస్తే ఇంకా చిన్నదవుతుంది. సరిగ్గా 2 మీటర్లు తగ్గించేసరికి గీతలు ఒక బిందువులో కలుస్తాయి. స్థానంతో పాటు, చెప్పిన దూరాల్లో దాగి ఉన్న 2 మీటర్ల తప్పు కూడా బయటపడింది. ఆ 2 మీటర్లే ఫోను గడియారం తప్పు. అది అన్ని ఉపగ్రహాల దూరాల్లోనూ ఒకేలా కలిసిపోయి ఉంటుంది కనకే దాన్ని పట్టుకోవడం కుదురుతోంది. నేల మీద రెండు దిశలు కాబట్టి మూడు మేకులు సరిపోయాయి. ఎత్తు కూడా కలిస్తే నాలుగు కావాలి.

ఐన్‌స్టీన్ సంగతి కూడా చెప్పి తీరాలి, క్లుప్తంగా అయినా సరే. గురుత్వం తక్కువగా ఉన్న ఎత్తులో ఉండటం వల్ల ఉపగ్రహ గడియారం కొంత ముందుకు వెళ్తుంది, వేగంగా తిరగడం వల్ల కొంత వెనకబడుతుంది. రెండూ పోగా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుంటుంది. ఆ సవరణ చేయకపోతే దూరాల్లో రోజుకు 10 కిలోమీటర్లకు పైగా తేడా పేరుకుపోతుంది.

చుక్క చుట్టూ వలయం

మ్యాపులో మనం ఉన్న చోట నీలి చుక్క, దాని చుట్టూ ఒక లేత వలయం కనిపిస్తాయి. అందరి చూపూ చుక్క మీదే. జాగ్రఫీ విద్యార్థి వలయాన్ని చదవడం నేర్చుకోవాలి. ఆండ్రాయిడ్‌లో ఆ వలయానికి అర్థం: నిజమైన స్థానం దాని లోపల ఉండే అవకాశం 68 శాతం. అంటే మూడింట ఒక వంతు సార్లు మనం ఆ వలయం బయటే ఉండవచ్చు. ప్రామాణిక విచలనం పాఠంలో ఈ 68 శాతం ఎలాగూ వస్తుంది. ఎవరో ఇచ్చిన మార్కుల పట్టికతో చెప్పేకన్నా, పిల్లలు స్వయంగా తెచ్చిన పాయింట్లతో ఆ లెక్క చేయిస్తే స్టాటిస్టిక్స్ మీద భయం సగం తగ్గుతుంది.

ఆరుబయట, ఆకాశం పూర్తిగా కనిపించే చోట మామూలు ఫోను దాదాపు 5 మీటర్ల లోపు తేడాతో చెబుతుంది. చెట్టు కిందికి, ఎత్తైన గోడ పక్కకి వెళ్తే తేడా పెరుగుతుంది, ఎందుకంటే కొన్ని సంకేతాలు గోడకు తగిలి దారి మళ్లి వస్తాయి. దారి పొడవైతే దూరం ఎక్కువగా లెక్కకొస్తుంది. అమీర్‌పేట లాంటి చోట భవనాల మధ్య క్యాబ్ బుక్ చేస్తే చుక్క పక్క వీధిలోకి దూకేది ఇందుకే. ఉపగ్రహాలన్నీ ఆకాశంలో ఒకే మూల గుమిగూడినా తేడా పెరుగుతుంది. తాళ్ల ఆటలోనే మేకులు మూడూ పక్కపక్కన పాతి చూపిస్తే ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. గీతలు ఒకదాన్నొకటి ఏటవాలుగా రాసుకుంటూ పోతాయి తప్ప, కలిసే బిందువు ఎక్కడో తేలదు.

ఐనోస్ఫియర్ దగ్గర మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే అది మన అక్షాంశాలకు ప్రత్యేకమైన సమస్య. సూర్యుడి కిరణాల వల్ల ఎగువ వాతావరణంలో విడివడిన ఎలక్ట్రాన్లు సంకేతాన్ని ఆలస్యం చేస్తాయి. ఈ ప్రభావం మధ్యాహ్నం తర్వాత ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. అయస్కాంత భూమధ్యరేఖకు రెండు వైపులా ఈ ఎలక్ట్రాన్లు పోగుపడతాయి. భారతదేశంలో చాలా భాగం ఆ ప్రాంతంలోకే వస్తుంది. సూర్యాస్తమయం తర్వాత సంకేతాలు మినుకుమినుకుమనడం కూడా మన దగ్గర ఎక్కువే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్‌కి ప్రత్యేక పరిశోధన విభాగమే ఉంది. యూరప్‌లో రాసిన పుస్తకంలోని తేడా అంకెల్ని తెచ్చి ఇక్కడ యథాతథంగా చెప్పకూడదనడానికి ఇదే కారణం.

ఇంకో చిక్కు ఉంది. ఒకేచోట పది నిమిషాలు నిలబడి వంద పాయింట్లు తీసి సగటు కడితే తేడా పోతుందని పిల్లలు అనుకుంటారు. ఆ పది నిమిషాల్లో ఆకాశం పెద్దగా మారదు, కాబట్టి తప్పులన్నీ ఒకే వైపుకు ఉంటాయి. సగటు కూడా అటే వెళ్తుంది. పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని, వేరే రోజు కొన్ని తీస్తేనే సగటుకు విలువ.

దశాంశాల మీద మోజు కూడా ఇక్కడే తగ్గించాలి. ఒక డిగ్రీ అక్షాంశం అంటే దాదాపు 111 కిలోమీటర్లు. ఐదో దశాంశ స్థానం ఒక మీటరు, ఏడోది ఒక సెంటీమీటరు. 5 మీటర్ల తేడా ఉన్న ఫోను ఏడు దశాంశాలు చూపిస్తోందంటే చివరి రెండూ ఊరికే ఉన్నట్టు. అంతకన్నా ప్రమాదం 17°30′45″ని 17.3045 అని రాయడం. సరైన విలువ 17.5125. రెంటికీ మధ్య 23 కిలోమీటర్లు. ప్రాజెక్టు రిపోర్టుల్లో బావులు చెరువుల మధ్యలోకి, ఊళ్లు పక్క మండలంలోకి వెళ్లిపోయేది చాలాసార్లు ఈ ఒక్క పొరపాటు వల్లే.

ఎత్తు దగ్గర భూమే అడ్డం తిరుగుతుంది

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. విశాఖ బీచ్‌లో నిలబడి, ఎలిప్సాయిడ్ ఎత్తు చూపించే యాప్ తెరవండి. సున్నాకు పదుల మీటర్లు కింద, మైనస్ గుర్తుతో అంకె వస్తుంది. కాళ్లు ఇసుకలో ఉన్నాయి, ఫోనేమో సముద్ర గర్భంలో ఉన్నామంటోంది. పరికరం పాడైందనుకుని పిల్లలు ఆ వరుస కొట్టేస్తారు. పరికరం బాగానే ఉంది. అది కొలుస్తున్నది సముద్ర మట్టం నుంచి కాదు.

ఉపగ్రహాల లెక్కకు భూమి నున్నటి ఎలిప్సాయిడ్, అంటే ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన గోళం. డబ్ల్యూజీఎస్84 అని పిలిచేది దాన్నే. సముద్ర మట్టం మాత్రం నున్నగా ఉండదు. భూమి లోపల బరువు ఎక్కువున్న చోట నీరు పోగవుతుంది, తక్కువున్న చోట మట్టం దిగుతుంది. అలా గురుత్వాన్ని బట్టి ఏర్పడే ఉపరితలమే జియాయిడ్. ప్రపంచం మొత్తంలో ఆ ఉపరితలం అన్నిటికన్నా లోతుగా ఉన్నది శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో. ఎలిప్సాయిడ్ కంటే దాదాపు 106 మీటర్లు కింద. ఆ గుంట అంచు మన దాకా విస్తరించి ఉంది. హైదరాబాద్ దగ్గర తేడా దాదాపు 75 మీటర్లు, బెంగళూరు వైపు వెళ్తే ఇంకా ఎక్కువ. అంత పెద్ద గుంట ఎందుకు ఏర్పడిందో శాస్త్రవేత్తలు భూమి పైపొర కింద ఉన్న మాంటిల్‌లో వెతుకుతున్నారు. జేబులోని ఫోనులో వచ్చిన మైనస్ గుర్తు నుంచి భూగర్భం దాకా ఒకే క్లాసులో వెళ్లిపోవచ్చు. భౌతిక భూగోళశాస్త్రానికి ఇంతకన్నా మంచి తలుపు ఎక్కడ దొరుకుతుంది?

ఇందులో ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా ఉంది. భద్రాచలం దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. మొదటిదానికీ మూడోదానికీ మధ్య 10 అడుగులు, అంటే 3 మీటర్లు. ముంపు ప్రాంతాల మీద ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థి ఫోను ఎత్తుల్ని తెచ్చి టోపోషీట్ (సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు) మీది కాంటూర్ల, అంటే సమాన ఎత్తు గీతల, మీద పెడితే జియాయిడ్ తేడా ఒక్కటే పదుల మీటర్లు. ఆ సవరణ చేసినా, ఫోను ఎత్తు కొలతలో మిగిలే తేడాయే ఆ 3 మీటర్లను మింగేస్తుంది. అడ్డంగా కంటే నిలువుగా ఎప్పుడూ తేడా ఎక్కువ, ఎందుకంటే ఉపగ్రహాలన్నీ మనకు పైనే ఉంటాయి, కింది వైపు భూమి అడ్డు. ఏ ఇల్లు మునుగుతుందో ఫోను ఎత్తుతో తేల్చకూడదని డిగ్రీ రెండో ఏడాది పిల్లవాడికి తెలిసి ఉండాలి.

ఎత్తు గురించి చెప్పాక డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలను ఏ ఆకారం ఆధారంగా కొలుస్తున్నామన్నది, సులువవుతుంది. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితీయ సర్వే, దాన్ని కొనసాగించిన జార్జ్ ఎవరెస్ట్, ఆయన పేరుతో వచ్చిన 1830 నాటి ఎలిప్సాయిడ్. మన పాత టోపోషీట్లు దాని మీద గీసినవే. అది భారతదేశానికి బాగా సరిపోయేలా కూర్చిన ఆకారం. దాని కేంద్రం భూమి కేంద్రంతో కలవదు. అందుకే పాత షీటు మీద చదివిన అక్షాంశ రేఖాంశాలను నేరుగా ఫోనులో కొడితే నూరు మీటర్లకు పైగా పక్కకు వెళ్తాం. 2005 మ్యాప్ విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్84 మీద ఉన్నాయి. డిపార్ట్‌మెంట్ బీరువాలో రెండు రకాలూ ఉంటే, ఒకే గుడినో కూడలినో రెంటి మీదా చదివించి తేడా కొలిపించండి.

అంతా సరిచేశాక కూడా నేల కదులుతూనే ఉంటుంది. భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. హైదరాబాద్ ఉప్పల్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో ఉన్న శాశ్వత స్టేషన్ లాంటివి ఈ కదలికను నమోదు చేస్తూ వస్తున్నాయి. ఇరవై ఏళ్లలో మీటరు. ఫోనుకు అది పట్టదు. పొలం హద్దు రాయికి పడుతుంది.

హద్దు రాయి దగ్గరికి వస్తే

ఈ పాఠం ఎవరికి కావాలి అని అడిగేవాళ్లకు పొలాన్ని చూపించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే డ్రోన్లతో, రోవర్లతో (పొలంలో పట్టుకు తిరిగే కచ్చితమైన రిసీవర్లతో) జరిగింది. కేంద్రం అదే ఏడాది ప్రారంభించిన స్వామిత్వ పథకంలో గ్రామాల్లోని ఇళ్ల స్థలాలను ఇలాగే కొలుస్తున్నారు. వీటన్నిటికీ వెన్నెముక కోర్స్ (సీవోఆర్‌ఎస్) అనే శాశ్వత బేస్ స్టేషన్లు. బేస్ స్టేషన్ తన చోటు ఎక్కడో ముందే కచ్చితంగా తెలిసిన రిసీవర్. ఉపగ్రహాల లెక్క ప్రకారం వచ్చిన స్థానానికీ తన అసలు స్థానానికీ ఎంత తేడా ఉందో అది చూసుకుంటుంది. దగ్గర్లో ఉన్న రోవర్‌కు కూడా దాదాపు అదే ఆకాశం, అదే ఐనోస్ఫియర్ కాబట్టి ఆ సవరణ దానికీ పనికొస్తుంది. దీనికి తోడు సంకేతపు అలలను కూడా లెక్కపెడితే తేడా కొద్ది సెంటీమీటర్లకు దిగుతుంది.

ఎందుకంత కచ్చితత్వం? చదరంగా ఉన్న ఎకరం పొలానికి ఒక్కో భుజం దాదాపు 64 మీటర్లు. ఒక గట్టును ఫోనుతో కొలిచి 3 మీటర్లు పక్కకు గుర్తిస్తే 190 చదరపు మీటర్లు చేతులు మారతాయి. ఆంధ్రాలో అది నాలుగున్నర సెంట్ల పైన, తెలంగాణలో రెండు గుంటలకు కాస్త తక్కువ. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేయడానికి అది చాలు.

రోవర్ కూడా దైవవాక్కు కాదు. అలల లెక్క తేలి తెర మీద ‘ఫిక్స్’ అని వచ్చినప్పుడు తీసిన పాయింటుకూ, మామిడి చెట్ల కింద ఆ లెక్క ఇంకా తేలక ‘ఫ్లోట్’ అని ఉన్నప్పుడు తీసిన పాయింటుకూ చాలా తేడా ఉంటుంది. పాస్‌పుస్తకంలో ఉన్నదానికన్నా కొత్త కొలతలో విస్తీర్ణం తగ్గిందని రైతు అడిగితే కారణాలు చాలా ఉండవచ్చు. పాత గొలుసు లింకులు వంగి పొట్టిదై ఉండవచ్చు. వాలు నేల మీద గొలుసు పరిచి కొలిచి ఉండవచ్చు. గట్టు ఏళ్లుగా జరిగి ఉండవచ్చు. కొత్త పాయింటే ఫ్లోట్‌లో పడి ఉండవచ్చు. ‘మిషను చెప్పింది, అంతే’ అని రైతును పంపించేయకుండా, పాత ఎఫ్‌ఎంబీ లేదా టిప్పన్ (పొలం కొలతల రికార్డు) తెరిచి, ఇద్దరికీ అర్థమయ్యేలా తేడా ఎక్కడుందో చూపించగల మనిషి ఊరికి ఒకరు కావాలి. ఆ పనికి జాగ్రఫీ డిగ్రీ చదివిన పిల్లల్ని మించినవాళ్లు ఉండరని నేను గట్టిగా నమ్ముతాను, ఈ పాఠం సరిగా చెబితే.

మన దేశపు సొంత ఉపగ్రహ స్థాన నిర్ణయ వ్యవస్థ నావిక్ గురించి గర్వంగానూ, నిజాయితీగానూ చెప్పాలి. 2013 జులైలో మొదటి ఉపగ్రహం శ్రీహరికోట నుంచే వెళ్లింది. 2016కల్లా ఏడూ చేరాయి. కొన్ని ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టుంటాయి, మిగతావి నేల మీద 8 అంకె ఆకారంలో జాడ గీస్తాయి. ఆ జాడను అట్లాసు మీద గీయించడం మంచి అభ్యాసం. మొదటి ఉపగ్రహంలోని విదేశీ పరమాణు గడియారాలు మూడూ పాడయ్యాయి. 2023 మేలో వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన గడియారం పెట్టారు. 2025 జనవరిలో, శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. ఈ వైఫల్యాలు కూడా చెబితేనే గడియారం ఎంత ముఖ్యమో, ఈ వ్యవస్థను నిలబెట్టడం ఎంత కష్టమో తెలుస్తుంది.

ఫీల్డ్‌వర్క్‌లో తీసిన పాయింట్లు ఎవరివి అన్నది కూడా పాఠంలో ఉండాలి. ఏజెన్సీ గ్రామంలో ఇంటింటికీ తిరిగి లొకేషన్ తీసుకునే ముందు ఆ ఇంటివాళ్లకు ఎందుకో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. అరుదైన మొక్క ఎక్కడ దొరికిందో ఐదు దశాంశాలతో రిపోర్టులో వేస్తే, దాన్ని పీకడానికి దారి చూపించినట్టే.

ఇక పరీక్ష. ‘జీపీఎస్ విభాగాలను వివరించుము’ అని అడిగినంతకాలం పిల్లలు అదే చదువుతారు. ‘ఒక సర్వేలో బోరుబావి 5 మీటర్ల తేడాతో నమోదైంది. మరో సర్వేలో దానికి 6 మీటర్ల దూరంలో, అంతే తేడాతో, ఇంకో బోరుబావి ఉంది. ఇవి రెండు బావులా, ఒకటేనా? తేల్చడానికి ఇంకేం తెలియాలి?’ అని అడిగి చూడండి. ప్రాక్టికల్ రికార్డులో కూడా అక్షాంశం, రేఖాంశం పక్కన తేదీ, టైమ్, డేటమ్, వలయం వ్యాసార్థం, ఆకాశం ఎంత కనిపిస్తోంది అన్న గళ్లు తప్పనిసరి చేయాలి. ఆ గళ్లు ఖాళీగా ఉంటే మార్కు లేదు.

పరికరాలకు నిధుల్లేవన్న మాట నిజమే. అయినా తాళ్లు, సున్నం, ఫోన్లతో పైన చెప్పినదాంట్లో చాలావరకు అయిపోతుంది. రోవర్‌ను కొనక్కర్లేదు, మండలంలో సర్వేయర్‌ని ఒక పూట కాలేజీకి పిలిస్తే ఆయనే తెచ్చి చూపిస్తారు. లెక్చరర్లు నేర్చుకోవడానికి డెహ్రాడూన్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నడుపుతోంది. అవి ఇంగ్లిష్‌లో ఉండటమే తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇబ్బంది. వాళ్ల కోసం, మన ఊళ్ల ఉదాహరణలతో, పట్టుమని అరవై పేజీల తెలుగు ల్యాబ్ మాన్యువల్ ఒకటి కావాలి. జాగ్రఫీ, ఫిజిక్స్ లెక్చరర్లు నలుగురు, ఒక సర్వేయర్ కలిసి కూర్చుంటే వేసవి సెలవుల్లో అయిపోయే పని అది.